తొట్టెలో సమతౌల్యం: నత్త నుంచి రొయ్య దాకా



పది లీటర్ల గాజు తొట్టెను ఊహించుకోండి. అడుగున రెండు అంగుళాల ఇసుక, దాని నిండా నీటి మొక్కలు, వాటి మధ్య అంగుళం కూడా లేని పది ఎర్ర రొయ్యలు. రోజూ నీరు మార్చే పని లేదు. అయినా రొయ్యలు బతుకుతున్నాయి, పిల్లలను పెడుతున్నాయి. ఇది ఎలా సాధ్యం? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి సుమారు 120 ఏళ్లు పట్టింది.

1771లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ, కొవ్వొత్తి మండి ఆరిపోయిన గాలిలో పుదీనా రెమ్మను ఉంచాడు. కొన్నాళ్లకు అదే గాలిలో కొవ్వొత్తి మళ్లీ వెలిగింది. చెడిన గాలిని మొక్క బాగుచేస్తుందన్నమాట. అయితే వెలుతురు ఉన్నప్పుడే, ఆకుపచ్చని భాగాలే ఈ పని చేస్తాయని 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ నిరూపించాడు.

అలాగైతే నీటిలో చేప, మొక్క ఉంటే చాలు కదా అని మీకు అనిపించవచ్చు. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1849లో సరిగ్గా అదే చేసి చూశాడు. తొట్టెలో రెండు గోల్డ్‌ఫిష్‌లను, రిబ్బను లాంటి ఆకులుండే వాలిస్నేరియా మొక్కను పెట్టాడు. మొదట అంతా బాగానే ఉంది. తర్వాత పాత ఆకులు కుళ్లి నీరు మురికి పట్టింది. మొక్క ఆక్సిజన్ ఇస్తోంది, నిజమే. మరి కుళ్లినదాన్ని తీసేదెవరు?

ఆయన చెరువు నత్తలను తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకులను తిన్నాయి, వాటి గుడ్లు చేపలకు ఆహారమయ్యాయి, నీరు తేటపడింది. ఈ ఫలితాన్ని 1850లో ప్రకటించాడు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో చేపల గృహం తెరిచారు. 1854లో ఫిలిప్ గాస్ పుస్తకంతో 'అక్వేరియం' అన్న మాట ప్రచారంలోకి వచ్చింది.

ఇంకా ఒక చిక్కు మిగిలింది. జీవుల విసర్జనల నుంచి వచ్చే అమ్మోనియా విషం. అది ఏమవుతోంది? దీనికి జవాబు వెతికినవారిలో వారింగ్టన్ కుమారుడే ఒకడు కావడం విశేషం. అతని పేరూ రాబర్టే. రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో నేలపై పనిచేస్తూ, అమ్మోనియా మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుతుందనీ, ఈ రెండు దశలనూ వేర్వేరు సూక్ష్మజీవులు నడుపుతాయనీ చూపాడు. కాని వాటిని వేరుచేయలేకపోయాడు. 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఆ పని సాధించాడు. తండ్రి తొట్టెను కాపాడినవాటిలో, ఆయన కంటికి కనిపించని ఇలాంటి సూక్ష్మజీవులు కూడా ఉన్నాయి.

1980లలో జపాన్‌కు చెందిన తకాషి అమానో, మొక్కల తొట్టెలలో నాచును తినిపించడానికి రొయ్యలను వాడాడు. అంటే నత్త చేసిన పనినే రొయ్యకు అప్పగించాడు. ఆ జాతి పిల్లలు పెరగాలంటే ఉప్పు కలిసిన నీరు కావాలి. చైనా, తైవాన్ ప్రాంతాల చెర్రీ రొయ్య అలా కాదు, మంచినీటిలోనే సంతతిని పెంచుకుంటుంది. మీకు అనువైనది అదే.

ఇప్పుడు మీరు చేయవలసింది చూద్దాం. కుళాయి నీటిలోని క్లోరిన్ పోయేలా ఒక రోజు తెరిచి ఉంచి, తర్వాత తొట్టెలో పోయండి. మొక్కలు నాటి, చిటికెడు చేపల మేత వేయండి. ఎండ నేరుగా పడనీయకుండా, రోజుకు ఏడెనిమిది గంటలు దీపం వెలుగు ఇవ్వండి. వెంటనే రొయ్యలను వేయకండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అని పరీక్షలో తేలేవరకు ఆగండి. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తర్వాత వారానికోసారి పదో వంతు నీరు మార్చండి, మేత బహు కొద్దిగా వేయండి. రాగి ఉన్న మందులు రొయ్యలకు ప్రాణాంతకం.

నీరు తక్కువైతే శ్రమ తక్కువ అనుకోవద్దు. నీరు తక్కువైతే మన తప్పు త్వరగా బయటపడుతుంది, దాని ఫలితం రొయ్య అనుభవిస్తుంది. మరో మాట. ఇవి మన నీళ్లలో పుట్టినవి కావు కనుక చెరువులో, కాలువలో వదలకండి.

ఆలోచించండి: ఆ తొట్టెలోంచి మొక్క, రొయ్య, సూక్ష్మజీవులలో ఏ ఒక్కటి తీసేసినా ఏమవుతుంది?