పికప్ మీదే పడకగది.. ఇంటి దగ్గరే పాప్-అప్ క్యాంపర్ కట్టించాలంటే ముందు ధర్మకాంట ఎక్కాల్సిందే!

వీకెండ్ వచ్చిందంటే అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా వికారాబాద్ వైపు కార్లు బారులు తీరతాయి. కొందరు చిలుకూరు బాలాజీ దర్శనానికి, కొందరు ఫాంహౌస్‌లకు, ఇంకొందరు అనంతగిరి కొండలకు. రిసార్ట్ రేట్లతో పని లేకుండా సొంత బండిలోనే పడుకుని పొద్దున్నే పొగమంచు చూసి రావాలి అనుకునేవాళ్లకు బాగా నచ్చే ఐడియా ఒకటుంది. అదే పాప్-అప్ ట్రక్ క్యాంపర్. పికప్ వెనక తొట్టిలో కూర్చునే చిన్న గది అన్నమాట. బండి నడిచేటప్పుడు దాని పైకప్పు కిందికి దిగి ఉంటుంది. ఆగాక పైకి లేపితే లోపల నిలబడేంత ఎత్తు వస్తుంది.

మరి దీన్ని ఇంటి దగ్గరే, తెలిసిన వెల్డర్‌తో కట్టించుకోవచ్చా? పని పరంగా చూస్తే కచ్చితంగా కుదురుతుంది. చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల పూలతోటల పాలీహౌస్‌లు వేసిన ఫిట్టర్లకు పైపు వంచడం, షీట్ బిగించడం కొత్తేమీ కాదు. చిక్కల్లా రెండు చోట్ల వస్తుంది. ఒకటి బరువు, రెండోది ఆర్సీ.

ఒక చిన్న మాట. మన దగ్గర దొరికే బొలెరో క్యాంపర్ పేరులో క్యాంపర్ ఉన్నా అది ఈ కోవ బండి కాదు. నాలుగు డోర్ల క్యాబిన్, వెనక సామాను తొట్టి ఉన్న మామూలు పికప్ అది. ఇలాంటి గదికి జనం ఎక్కువగా చూసే బండ్లు ఇసుజు డి-మ్యాక్స్ వీ-క్రాస్, టయోటా హైలక్స్. ఇందులో ఇసుజు మన తెలుగు నేల మీదే, శ్రీసిటీలో తయారవుతుంది. హైలక్స్ 2022లో ఇండియాకు వచ్చింది.

పైకప్పు ఎందుకు మడవాలి?

పికప్ క్యాబిన్ ఎత్తు దాదాపు 1.8 మీటర్లు. లోపల నిలబడేలా గట్టి గోడల గది పెడితే మొత్తం ఎత్తు సులువుగా 2.7 మీటర్లు దాటుతుంది. ఆ ఎత్తుకు గాలి తగులుతుంది, మలుపులో బండి ఒరుగుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. అదే పైకప్పు మడిస్తే 2.2 మీటర్ల దగ్గర ఆపొచ్చు. ఈ దారిలో ఇంకో లెక్క కూడా ఉంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల రోడ్డు పక్కన దాదాపు 900 పాత మర్రిచెట్లు ఉన్నాయి. వాటి కొమ్మలు రోడ్డు మీదికి గొడుగులా వంగి ఉంటాయి. ఎదురుగా లారీ వస్తే అంచుకు తప్పుకోవాలి, అప్పుడు పైన కొమ్మ తగలకుండా ఉండాలి. తక్కువ ఎత్తు ఎంత అవసరమో అక్కడ అర్థమవుతుంది.

అసలు కథ బరువుదే..

2025 నవంబర్ 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర లోడు టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది ప్రాణాలు పోయాయి. టిప్పర్‌కు, క్యాంపర్‌కు పోలిక లేకపోవచ్చు. కానీ బరువు ఎక్కిన బండి బ్రేకు వేసినా వెంటనే ఆగదన్నది మాత్రం రెండింటికీ ఒకటే. అదీ డివైడర్ లేని రెండు లేన్ల రోడ్డు మీద.

అందుకే పైపు కొనకముందే ఆర్సీ తీసి చూడాలి. అందులో అన్‌లాడెన్ వెయిట్, గ్రాస్ వెహికల్ వెయిట్ అని రెండు అంకెలు ఉంటాయి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే మీకున్న మొత్తం అవకాశం. క్యాంపర్ గది, నీళ్లు, మనుషులు, పరుపు, వంట సామాను, చివరికి ఫోల్డింగ్ కుర్చీ కూడా ఆ లెక్కలోనే పడాలి. షోరూంలో చెప్పిన అంకె కంటే ధర్మకాంట స్లిప్పును నమ్మడం మేలు. ఖాళీ బండిని ఫుల్ ట్యాంకుతో ఒకసారి తూయించాలి. పని అయ్యాక మళ్లీ తూయించాలి. ముందు చక్రాలు మాత్రమే, ఆ తర్వాత వెనక చక్రాలు మాత్రమే కాంటా మీద పెట్టి విడివిడిగా తూయిస్తే ఇంకా మంచిది. వెనక ఇరుసు మీద ఎంత పడుతోందో అప్పుడే తెలుస్తుంది.

ఇంట్లో కట్టేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ప్లైవుడ్ దగ్గర. 12 ఎంఎం ప్లైవుడ్ 8×4 షీటు ఒక్కటే 20 కిలోలు దాటుతుంది. ఆరు షీట్లు కొట్టేసరికి 120 కిలోలకు పైమాటే. అదే సైజు 3 ఎంఎం ఏసీపీ షీటు దాదాపు 12 కిలోలు. దాని వెనక 25 ఎంఎం గట్టి ఫోమ్ షీటు అతికిస్తే పెరిగేది రెండు మూడు కిలోలే, పైగా ఎండ వేడి కూడా ఆగుతుంది. ఫ్రేముకు అంగుళం చదరపు ఇనుప పైపు, 16 గేజ్‌ది వాడితే మీటరుకు సుమారు 1.2 కిలోలు. 50 మీటర్లు పడితే 60 కిలోలు. అల్యూమినియం అయితే అందులో మూడో వంతు. కానీ అల్యూమినియం వెల్డింగ్ అందరికీ రాదు. రాని చేతితో వేయించడం కంటే రివెట్లు, ఎల్-క్లాంపులతో బిగించడం నయం. ఫ్రేము ఇనుముతో, పైకప్పు మాత్రం అల్యూమినియంతో చేయించడం మధ్యేమార్గం. ఎందుకంటే పైన తగ్గించిన ప్రతి కిలో బండి ఒరిగిపోవడాన్ని తగ్గిస్తుంది.

నీళ్ల ట్యాంకు, బ్యాటరీ లాంటి బరువులు నేలకు ఆనించి, వెనక ఇరుసుకు ముందు వైపే పెట్టాలి. తలుపు దగ్గర, వెనక చివర పెడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతుంది. గదిని తొట్టి రేకుకు బోల్టు వేసి వదిలేయొద్దు. రేకు చిరుగుతుంది. కింద రబ్బరు మ్యాట్ వేసి, నాలుగు మూలలా చాసిస్‌కు ఆనుకున్న హుక్కులకు టర్న్‌బకిల్స్‌తో లాగి కట్టాలి. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత ఆపి మళ్లీ బిగించుకోవాలి.

పైకప్పు లేచేదిలా..

ముందు ఒకటి, వెనక ఒకటి మధ్యలో మడతపడే పలకలు ఉంటాయి. కప్పు కిందికి దిగితే అవి లోపలికి మడుచుకుంటాయి. పైకి తోస్తే నిటారుగా నిలబడి కప్పును మోస్తాయి. మిగతా రెండు పక్కలా గుడ్డ గోడ. చేతి శ్రమ తగ్గడానికి కారు డిక్కీకి ఉండేలాంటి గ్యాస్ షాకులు వేస్తారు. షాకు మీద రాసి ఉన్న న్యూటన్ అంకెను 10తో భాగిస్తే ఎన్ని కిలోలు మోస్తుందో దాదాపుగా వస్తుంది. ఏటవాలుగా బిగిస్తే అంతకంటే తక్కువే మోస్తుంది. 50 కిలోల కప్పుకు అతి బలమైన షాకులు వేస్తే అది దిగనని మొరాయిస్తుంది. సోలార్ ప్యానెల్ పెట్టే ఆలోచన ఉంటే దాని బరువు కూడా కలిపాకే షాకులు కొనాలి.

గుడ్డ గోడకు మామూలు తాడిపత్రి రెండు ఎండాకాలాలకే పొడిబారి చిట్లుతుంది. ఎండను తట్టుకునే పీవీసీ కోటింగ్ ఉన్నది తీసుకోవాలి, దోమతెర ఉన్న కిటికీలు రెండు వైపులా ఉండాలి. కప్పు దించాక నాలుగు మూలలా లాకులు, వాటి పైన ఒక బెల్టు తప్పనిసరి. 80 స్పీడులో కప్పు లేచిందంటే వెనక వచ్చే బైకు మనిషికి ప్రాణం మీదికి వస్తుంది.

ఏసీ వస్తుందా?

రాదనే అనుకోండి. 12 వోల్టుల 100 ఏహెచ్ లిథియం బ్యాటరీలో ఉండే కరెంటు దాదాపు 1,280 వాట్-అవర్లు. 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ రాత్రంతా తిరిగినా అందులో ఐదో వంతు వరకే ఖర్చు. ఒక టన్ను ఏసీ వేస్తే గంటకో, ఇంకాస్త సేపటికో ఖాళీ. అందుకే ఏప్రిల్, మేలో కాకుండా అక్టోబర్ నుంచి ఫిబ్రవరి వరకు తిరగడమే సుఖం.

వంట మాత్రం బయటే చేసుకోవాలి. ఎల్పీజీ గాలి కంటే బరువు. లీకైతే నేల మీదే పేరుకుంటుంది. కాబట్టి సిలిండర్ పెట్టే అరకు కింది భాగంలో బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి. చలికి బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని పడుకోవడం అస్సలు వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఆర్టీఏ ఆపితే?

తెలుగు వాళ్లకు మార్పించిన బండి అంటే ముందు గుర్తొచ్చేది ఎన్టీఆర్ చైతన్య రథం. 1982లో పాత షెవర్లే వ్యాన్‌ను మార్పించి ఊరూరా తిరిగారు. హరికృష్ణ నడిపారు. రోజులు మారాయి. 2022 డిసెంబర్‌లో పవన్ కల్యాణ్ వారాహి వాహనం బయటికి రాగానే రంగు మీదే రచ్చ మొదలైంది. ఆలివ్ గ్రీన్ రంగు సైనిక వాహనాలకే అని నిబంధన ఉంది మరి. నిబంధనల ప్రకారమే ఉందని తెలంగాణ రవాణా శాఖ అధికారులు చెప్పాక గానీ ఆ చర్చ ఆగలేదు. అంటే రంగు దగ్గర్నుంచి అన్నీ లెక్కలోకి వస్తాయి.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఆర్సీలోని అంశాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. పూర్తిస్థాయి మోటార్ క్యారవాన్‌లకు ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది.

‘మాది తీసి పక్కన పెట్టే గది, బండిని కోయలేదు, ఆర్సీ మారలేదు’ అనే వాదన చాలామంది చేస్తారు. వాదనలో పస ఉంది. చాసిస్ కోయకుండా, సీట్లు మార్చకుండా, దింపగలిగేలా కట్టడం అన్ని విధాలా మంచిదే. కానీ అది అనుమతి కాగితం కాదు. గది తొట్టి దాటి పక్కలకు, వెనక్కి పొడుచుకొస్తే సెక్షన్ 194 కింద 20 వేల జరిమానా వేరే ఉంది. కాబట్టి కొలతల స్కెచ్, బరువు అంచనాతో రవాణా శాఖ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి, వచ్చిన జవాబును ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా పంపడం పైపు కోయకముందే జరగాలి. చెప్పకుండా కట్టిన గదితో ప్రమాదం జరిగితే క్లెయిమ్ దగ్గర పేచీ వచ్చే అవకాశం ఎక్కువ. ఇంకో సంగతి.. బండి కదులుతున్నప్పుడు వెనక గదిలో ఎవరూ ఉండకూడదు. పిల్లలు నిద్రపోయారని వదిలేయొద్దు.

ఆపేది ఎక్కడ?

అనంతగిరి రిజర్వ్ ఫారెస్ట్. రాత్రి ఉండాలంటే అటవీ శాఖను అడగాల్సిందే. మొయినాబాద్ వైపు ఉన్న గండిపేట, హిమాయత్‌సాగర్ రెండూ తాగునీటి చెరువులు. వాటి కోసమే 1996లో జీవో 111 వచ్చింది. గిన్నెలు కడిగిన నీళ్లు అక్కడ పారబోయకుండా ఒక డబ్బాలో పట్టి ఇంటికి తెచ్చుకోవాలి. ఆ డబ్బాకు కూడా క్యాంపర్‌లో చోటు, బరువు లెక్క వేసుకోవాలి. తెలిసినవాళ్ల తోటలోనో ఫాంహౌస్ ఆవరణలోనో ఆపుకుంటే ఏ గొడవా ఉండదు. వాన పడితే తడి గుడ్డ గోడను అలాగే మడిచి వచ్చినా, ఇంటికి చేరిన రోజే కప్పు లేపి ఆరబెట్టాలి. రెండు రోజులు ఆగితే బూజు పడుతుంది. ఆ వాసన పరుపులోంచి ఓ పట్టాన పోదు.