పన్ను బడి నుంచి పాఠశాల ప్రణాళిక దాకా: గోదావరి డెల్టాలో విద్యాసంవత్సర సన్నాహాల చరిత్ర

వ్యాససంగ్రహం:
కొత్త విద్యాసంవత్సరానికి పాఠశాలను సిద్ధం చేయడం అంటే గదులు, పుస్తకాలు, ఉపాధ్యాయులను సమకూర్చుకోవడమే అన్న భావన సాధారణంగా కనిపిస్తుంది. గోదావరి డెల్టాలో పందొమ్మిదో శతాబ్ది నుంచి జరిగిన ప్రయత్నాలను గమనిస్తే, వీటన్నిటికంటే ముందు ఊరి సమ్మతిని సంపాదించవలసి ఉంటుందని తెలుస్తుంది. నరసాపురం ప్రాంతపు పన్ను బడులు, ధవళేశ్వరం బాలికా పాఠశాల, విద్యాహక్కు చట్టంలోని పాఠశాల అభివృద్ధి ప్రణాళిక ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గోదావరి డెల్టా, పన్ను బడులు, నరసాపురం, కందుకూరి వీరేశలింగం, పాఠశాల నిర్వహణ, విద్యాహక్కు చట్టం.

1. ఉపోద్ఘాతం

గోదావరి డెల్టాలో జూన్ నెల రెండు ఆరంభాల కాలం. వేసవిలో కట్టివేసిన కాలువలకు మళ్లీ నీరు వస్తుంది; ఏరువాక సాగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే బడులు తెరుస్తారు. కాలువకు నీరు వదిలే ముందే పూడిక తీయాలని, గట్లు పటిష్ఠం చేయాలని రైతుకు వేరే చెప్పనక్కరలేదు. బడి విషయంలోనూ అంతే. తెరిచే నాటికి నిధి, ఉపాధ్యాయుడు, పుస్తకం, విద్యార్థి అనే నాలుగూ సిద్ధంగా ఉండాలి. ఈ నాలుగింటినీ ఎవరు సమకూర్చాలి, ఎవరి అంగీకారంతో సమకూర్చాలి అన్న ప్రశ్న డెల్టా విద్యాచరిత్రలో పదేపదే ఎదురవుతుంది.

2. వీధిబడి: విజయదశమితో మొదలయ్యే సంవత్సరం

ఆంగ్ల ప్రభుత్వ విద్యాశాఖ ఏర్పడక ముందు విద్యాసంవత్సరం అనే పాలనా విభాగం లేదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఆదేశించిన విచారణకు సమాధానంగా 1823లో పంపిన లెక్కల్లో రాజమండ్రి జిల్లాకు 291 పాఠశాలలు, శాస్త్రాధ్యయనం జరిగే 279 ఉన్నత విద్యాస్థానాలు నమోదయ్యాయి. వీధిబడిలో పిల్లవాడు ఎప్పుడు చేరితే అప్పుడే అతని చదువు మొదలయ్యేది. ఇసుకలో అక్షరాలు దిద్దడం నుంచి ఎక్కాలు, పద్యాలు, లెక్కల దాకా ఎవరి వేగం వారిది. అక్షరాభ్యాసానికి విజయదశమి ప్రశస్తమైన రోజు. దసరా రోజుల్లో పంతులు పిల్లలను వెంటబెట్టుకొని, పద్యాలు పాడిస్తూ ఇంటింటికీ వెళ్లి మామూళ్లు స్వీకరించేవాడు.

ఈ ఆచారం పంతులు జీవనోపాధికి ఒక ఆధారమే కాక, ఒక నిర్వహణ పద్ధతి కూడా. పిల్లలు నేర్చిన చదువు ఊరికి వినిపించేది. ఊరు తన సమ్మతిని దక్షిణగా తెలిపేది. అయితే ఆ సమ్మతికి హద్దులున్నాయి. దళితులకు, బాలికలలో అత్యధికులకు ఆ అరుగుల మీద చోటు లేదు. ఊరి సమ్మతి అన్నది ఎవరి సమ్మతి అన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

3. నరసాపురం పన్ను బడులు

1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టా సేద్యం స్థిరపడసాగింది. ఆ దశాబ్దంలోనే రాజమండ్రి జిల్లా సబ్ కలెక్టరు జార్జి నోబుల్ టేలర్ నరసాపురంలోను, పాలకొల్లు, ఆచంట, పెనుగొండలలోను పాఠశాలలు నెలకొల్పాడు. భూమి లెక్కలన్నీ కరణం చేతిలో ఉన్న కాలమది. తన పేర ఎంత శిస్తు రాశారో, తాను చెల్లించినదానికి ఎంత జమ చూపారో చదువుకోలేని రైతు ఆ లెక్కనే నమ్మవలసి వచ్చేది. అటువంటి రైతుకు మాతృభాషలో చదవడం, రాయడం, లెక్క చూసుకోవడం నేర్పే బడి ఎంత అవసరమో వివరించనక్కరలేదు.

ఈ ప్రయత్నంలోని విశేషం నిధి సమీకరణ. రైతులు తాము చెల్లించే శిస్తుతోపాటు బడి కోసం అదనంగా కొంత మొత్తం చెల్లించడానికి ఒప్పుకున్నారు. ఇలా నడిచిన వాటిని నాటి ఆంగ్ల నివేదికలు ‘రేట్ స్కూళ్లు’ అన్నాయి. తెలుగులో ‘పన్ను బడులు’ అనవచ్చు. 1854 నాటి వుడ్ విద్యాపత్రం, 1855లో మద్రాసులో ప్రజావిద్యాశాఖ ఏర్పాటు ఈ ప్రయోగానికి అనుకూలమైన వాతావరణాన్ని కల్పించాయి. నిర్వాహకుని దృష్టితో చూస్తే ఇది పెద్ద ముందడుగు. ఉపాధ్యాయుని జీతం దాతల దయ మీద గాక, ఏటేటా వచ్చే నిర్ణీత ఆదాయం మీద ఆధారపడింది. రాబోయే సంవత్సరానికి ఎంత చేతికొస్తుందో ముందే తెలిస్తే తప్ప ప్రణాళిక అనే మాటకు అర్థం ఉండదు.

4. చట్టం, సమ్మతి

పన్ను బడుల బలహీనత కూడా ఆ నిధిలోనే దాగి ఉంది. ఊరి పెద్దలు ఒప్పుకుంటే ఊరంతా ఒప్పుకున్నట్లేనా? ఒకనాడు ఒప్పుకున్న రైతు మరుసటి ఏడు కాదంటే వసూలు చేసే అధికారం ఎవరికుంది? సబ్ కలెక్టరే అడిగినప్పుడు రైతు చెప్పిన ‘సరే’ ఎంతవరకు స్వచ్ఛందం? శిస్తు వసూలు చేసే చేయే బడి పన్నునూ వసూలు చేస్తున్నప్పుడు ఈ రెంటి మధ్య తేడా రైతుకు కనిపించడం కష్టం. 1860లలో డెల్టాలో రైతువారీ సెటిల్‌మెంటు అమలయ్యేసరికి ప్రభుత్వంతో లెక్క ఊరిది గాక ఒక్కొక్క రైతుది అయింది. ఊరి పేర కుదిరిన ఒప్పందాలను పాత పద్ధతిలో కొనసాగించడం మరింత క్లిష్టమైంది.

స్వచ్ఛంద విద్యా పన్నుకు చట్టబద్ధత కల్పించడానికి మద్రాసు ప్రభుత్వం 1863లో ఆరవ చట్టాన్ని చేసింది. అది గోదావరి పన్ను బడులకు ఉపయోగపడింది గాని, రాజధానిలోని ఇతర జిల్లాల్లో అంతగా వేళ్లూనలేదు. 1871 నాటి స్థానిక నిధుల చట్టంతో ప్రాథమిక విద్యాభారం క్రమంగా స్థానిక నిధుల బోర్డులకు మారింది. చట్టం వసూలుకు అధికారం ఇవ్వగలిగింది. బడి తమదన్న భావాన్ని మాత్రం ఇవ్వలేకపోయింది. అయినా ఆ ప్రయోగం వృథా కాలేదు. నరసాపురంలోని టేలర్ ఉన్నత పాఠశాల ఆ పేరును నేటికీ నిలుపుతోంది.

5. ధవళేశ్వరం బాలికా పాఠశాల

1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికా పాఠశాల ప్రారంభించాడు. టేలర్‌కు ఉన్న అధికారం ఈయనకు లేదు. పన్ను వేయగల చట్టం లేదు. ఆడపిల్లను బడికి పంపడం తగునా అన్న వాదం నాటి పత్రికల్లో సాగుతున్న రోజులవి. స్త్రీవిద్యను వ్యతిరేకించిన కొక్కొండ వెంకటరత్నం పంతులు వంటి పండితునికి సమాధానం చెప్పవలసి వచ్చింది. అదే ఏట ‘వివేకవర్ధని’ పత్రిక వెలువడింది.

పాఠశాల, పత్రిక ఒకే ఏడాది రావడం నిర్వహణ చరిత్రలో గుర్తుంచుకోదగిన విషయం. తరగతిలో అక్షరాలు దిద్దించేది పాఠశాల. ఆ తరగతికి బిడ్డను పంపడానికి తల్లిదండ్రుల మనసును సిద్ధం చేసేది పత్రిక. టేలర్ నిధితో మొదలుపెట్టి సమ్మతిని వెదకవలసి వచ్చింది. వీరేశలింగం సమ్మతితో మొదలుపెట్టి నిధిని వెదకవలసి వచ్చింది. 1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి తన ఆస్తిని దానికి అప్పగించడం, సంస్థలు వ్యక్తి ఆయుర్దాయం మీద ఆధారపడకూడదన్న గుర్తింపుకు నిదర్శనం.

6. తనిఖీ కోసం సన్నాహం

1860ల నుంచి మద్రాసు రాజధానిలో అమలైన ఫలితాల గ్రాంటు పద్ధతి పాఠశాల సంవత్సరం స్వరూపాన్నే మార్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చి చదువు, రాత, లెక్కల్లో పరీక్షించి, ఉత్తీర్ణులైన పిల్లల సంఖ్యను బట్టి గ్రాంటు మంజూరు చేసేవాడు. హాజరు పట్టీ, తరగతుల విభజన, వార్షిక పరీక్ష బడికి క్రమశిక్షణ ఇచ్చాయి. కాని సన్నాహం అంతా పిల్లల అవసరాలవైపు నుంచి ఇన్‌స్పెక్టరు రాకవైపు మళ్లింది. వెనకబడిన పిల్లవాడు నిర్వాహకుని కంట నష్టంగా కనిపించే పరిస్థితి ఏర్పడింది.

1884 స్థానిక బోర్డుల చట్టం, 1920 మద్రాసు ప్రాథమిక విద్యాచట్టం తరువాతి మెట్లు. 1920 చట్టం స్థానిక సంస్థలు విద్యా పన్ను విధించుకొనే వీలు కల్పించింది. నరసాపురం రైతుల ఒప్పందంలో మొలకెత్తిన భావన ఆరు దశాబ్దాలు దాటాక, ఈసారి ఎన్నికైన ప్రతినిధులున్న సంస్థల ద్వారా, రాజధానికంతటికీ వర్తించే చట్టంగా తిరిగివచ్చింది.

7. వర్తమానానికి అన్వయం

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు. అందులో సగం మంది స్త్రీలు కావాలి. అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రాతినిధ్యం ఉండాలి. 22వ సెక్షను ఆ కమిటీకే పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారుచేసే బాధ్యత అప్పగించింది. ప్రభుత్వం ఇచ్చే నిధులకు ఆ ప్రణాళికే ఆధారం. టేలర్ నిధిని, వీరేశలింగం సమ్మతిని ఒకే పత్రంలోకి తేవడానికి జరిగిన ప్రయత్నంగా దీనిని చూడవచ్చు.

డెల్టాలో ఈ ప్రణాళికకు స్థానిక పంచాంగం తోడు కావాలి. బడులు తెరిచిన కొద్ది వారాలకే వరద కాలం వస్తుంది. 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు కోనసీమ తుపాను ఈ ప్రాంతపు జ్ఞాపకాల్లో చెరగనివి. విపత్తు వచ్చినప్పుడు బడి గదులే పునరావాస కేంద్రాలవుతాయి. మరోవైపు, చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు 200, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు నిర్దేశించింది. పోయిన దినాలను ఎప్పుడు పూరించాలి, రికార్డులను, పుస్తకాలను ఏ ఎత్తున భద్రపరచాలి, లంకల నుంచి రేవు దాటి వచ్చే పిల్లల హాజరును ఎలా చూడాలి, నాట్లకు, కోతలకు తల్లిదండ్రులు వెళ్లే రోజుల్లో సమావేశాలు పెట్టకుండా ఎలా చూసుకోవాలి అన్నవి వేసవిలోనే తేల్చుకోవలసిన సంగతులు. వీటికి సమాధానాలు కార్యాలయపు ఉత్తర్వుల్లో కంటే రేవులోను, చేలగట్ల మీద తిరిగే తల్లిదండ్రుల వద్ద ఎక్కువగా దొరుకుతాయి.

8. ముగింపు

పన్ను బడులు డెల్టా రైతును లెక్క చదవగలవాణ్ని చేయడానికి పుట్టాయి. తన లెక్కను తానే చదువుకోగలగడం ఆనాటి విద్యాలక్ష్యం. ఈనాడు కమిటీ సమావేశంలో ప్రధానోపాధ్యాయుడు చూపిన ప్రణాళికను చదవకుండా వేలిముద్ర వేసే తల్లి ఒక్కరున్నా ఆ లక్ష్యం నెరవేరనట్లే. ఆమెకు ఆ కాగితం చదివి వినిపించి, ఆమె అడిగిన ప్రశ్నను అందులో చేర్చినప్పుడే చట్టం కోరిన సమ్మతి నిజమైన సమ్మతి అవుతుంది. కొత్త సంవత్సరానికి పాఠశాల నిర్వాహకులు చేయవలసిన తొలి పని అదేనని గోదావరి డెల్టా అనుభవం తెలియజేస్తోంది.