కె.కె. కొట్టాల బోరు దగ్గర

వేముల మండలం. తుమ్మలపల్లి యురేనియం గని దాటి కె.కె. కొట్టాల వైపు మళ్ళారు. దోవకు అటూ ఇటూ అరటి, చీనీ తోటలు. రైతు మోటరు వేశాడు. సీసా అప్పుడే పట్టకండి. పైపులో నిలవున్న నీరంతా పోయి, మీటరు మీద పీహెచ్ అంకె కదలకుండా నిలవాలి. ఆ తర్వాత పట్టి, వడపోసి, ల్యాబుకు పంపే సీసాలో నైట్రిక్ ఆసిడ్ చుక్కలు వేసి, మూత బిగించి తేదీ రాయండి.

"ఈ నీళ్ళు తాగొచ్చునా? ఇప్పుడే తెలుస్తాదా సార్?"

"కొంత తెలుస్తుందన్నా."

ఆసిడ్ వేయని నీళ్ళలో ఫాస్ఫేటు మందు కలిపి, చేతిలోని ఎల్‌ఈడీ ఫ్లోరిమీటర్‌లో పెడతారు. అతినీలలోహిత కాంతికి యురేనియం పచ్చగా మెరుస్తుంది. ఆ మెరుపును బట్టి లీటరుకు ఎన్ని మైక్రోగ్రాములో అంకె వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు 30, మన అణుశక్తి నియంత్రణ మండలిది 60. నన్నడిగితే తాగేవాడికి చిన్న హద్దే హద్దు.

కానీ ఇక్కడి గొడవ ఆ యురేనియం ఎక్కడిదన్నది. యురేనియం మిల్లు వ్యర్థాల చెరువు నుంచి ఊరిందంటారు ఊరివాళ్ళు, కాదంటుంది గని నడిపే సంస్థ. ఇక్కడి వేంపల్లె డోలమైటు రాతిలోనే యురేనియం ఉంది, కార్బనేటు నీళ్ళు దాన్ని కరిగించి మోస్తాయి. మిల్లులో ఖనిజాన్ని కరిగించేదీ సోడియం కార్బనేటే! మొత్తం అంకె చూసి మూలం పట్టలేం.

జాడ యురేనియం 234, 238 అనే రెండు రకాల పరమాణువుల పాళ్ళలో దొరకొచ్చు. రాతిలోంచి మెల్లగా ఊరిన నీళ్ళలో సాధారణంగా 234 పాలు రాతిలో కన్నా ఎక్కువ. పొడి చేసి కరిగించిన ఖనిజంలో ఆ తేడా దాదాపు ఉండదు. ఈ లెక్క తేల్చేది మాస్ స్పెక్ట్రోమీటర్.

దాన్నే ఇక్కడికి తెస్తే? 2013లో శ్రీహరికోట నుంచి మంగళయాన్‌లో వెళ్ళిన 'మెంకా' అనే మాస్ స్పెక్ట్రోమీటర్ నాలుగు కిలోలు కూడా లేదు. అయితే అంతరిక్షంలో శూన్యం ఊరికే దొరుకుతుంది. ఇక్కడ వాక్యూమ్ పంపు, దానికి కరెంటు కావాలి. పైగా మెంకా చూసేది వాయువుల్నే. నీళ్ళలోని యురేనియానికి వేల డిగ్రీల ఆర్గాన్ ప్లాస్మా కావాలి. అందులోనూ 234 లక్షకు ఐదారు పరమాణువులే. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో గ్రాహం కుక్స్ బృందం చేసిన 'మినీ' మాస్ స్పెక్ట్రోమీటర్ పెట్టెలు మందుల్ని, పేలుడు పదార్థాల్ని పసిగడతాయి కానీ, ఈ పని వాటివల్ల కాదు.

సీసా ల్యాబుకు పోవాల్సిందే. ఏ బోరు, ఏ తేదీ, ఎంత యురేనియం, 234 పాలెంత? ఫలితం రాగానే పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించండి.