బాస్టిల్ రాళ్లు ఏమయ్యాయి?

తొమ్మిదో తరగతిలో ‘బాస్టిల్ పతనం’ మీద నేను రాసిన జవాబుకి మన సోషల్ మాస్టారు పూర్తి మార్కులు వేసి, కింద ఎర్ర సిరాతో ఒక ప్రశ్న రాశారు: “కోట కూల్చారు సరే, ఆ రాళ్లు ఏమయ్యాయి?” నాకు తెలియలేదు. అడగడానికి మొహమాటపడ్డాను.

1789 జూలై 14న పారిస్ జనం బాస్టిల్ కోట మీదికి వెళ్లింది ఖైదీలను విడిపించడానికే అనుకుంటాం. ఆ రోజు జైల్లో ఉన్నది ఏడుగురే. జనం పొద్దున్నే ఇన్వాలీడ్ భవనం నుంచి తుపాకులు తెచ్చుకున్నారు. వాటికి మందుగుండు కావాలి. అది బాస్టిల్‌లో ఉంది. సాయంత్రానికి కోట లొంగిపోయింది. జనం కోట అధిపతిని చంపి, తలను ఈటెకు గుచ్చి ఊరేగించారు.

సరిగ్గా ఏడాదికి, 1790 జూలై 14న, అదే నగరంలో దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు, వాళ్లతోపాటు రాజు కూడా, ఐక్యతా ప్రమాణం చేశారు. 1880లో జూలై 14ని జాతీయ పండుగ చేసినప్పుడు చట్టంలో సంవత్సరం రాయలేదు. నెత్తురు చిందిన రోజుకు పండుగేమిటని సెనేట్‌లో అభ్యంతరం వస్తే, 1790ని గుర్తుచేశారు. స్వేచ్ఛ కోరినవారికి ఒక ఏడాది, ఐక్యత కోరినవారికి మరో ఏడాది. అయితే ఏటా ఆ స్వేచ్ఛా పండుగ చేసుకున్న దేశమే మన గోదావరి ఒడ్డున యానాంను 1954 దాకా ఏలిందని కూడా మరిచిపోకూడదు.

ఇక రాళ్ల సంగతి. కోట కూల్చే పని పలోయ్ అనే కాంట్రాక్టరు చేయించాడు. కొన్ని రాళ్లతో బాస్టిల్ నమూనాలు చెక్కించి దేశంలోని జిల్లాలకు పంపాడు. మరికొన్ని రాళ్లు సేన్ నది మీద అప్పుడు కడుతున్న వంతెనకు వాడారు. దాని రూపకర్త పెరొనె, పారిస్‌లోని రోడ్లు, వంతెనల ఇంజినీరింగ్ కళాశాలకు తొలి అధిపతి. 1791లో పూర్తయిన ఆ వంతెన పేరు ఇప్పుడు కాంకోర్డ్. అంటే సామరస్యం.

ఉద్యోగరీత్యా పారిస్ వెళ్లినప్పుడు దాని మీద నడిచాను. పిట్టగోడ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను. ఫోన్ చేసి చెబుదామంటే మాస్టారు అప్పటికే లేరు. అందుకే ఆలస్యంగానైనా ఈ స్వర్ణోత్సవ సంచికలో రాస్తున్నాను.

మాస్టారూ, ఆ రాళ్లలో కొన్ని వంతెనలోకి వెళ్లాయండి.