మోటారు కారు కాయిల్: చరిత్రము, రోగలక్షణములు



పెట్రోలు కారు కొంతదూరము చక్కగా నడచి, ఇంజను వేడెక్కిన పిమ్మట దగ్గు వచ్చినట్లు కుదిపి, మిట్ట యెక్కునప్పుడు చతికిలబడుట కలదు. చెట్టునీడను అరగంట నిలిపినచో, ఏమియు నెఱుగనట్లు మరల బయలుదేరును. పెట్రోలు కల్తీ యని కొందఱు, బ్యాటరీ దోషమని కొందఱు అందురు. ఇట్టిచోట నేను మొదట అనుమానించునది ఇగ్నిషన్ కాయిల్, అనగా రాగితీగెల చుట్ట. చుట్ట యనగానే పెద్దలకు వేఱొక చుట్ట జ్ఞప్తికి వచ్చునేమో! ఇదియు నిప్పునకు సంబంధించినదే గాని పొగ త్రాగుటకు గాదు. దీని చరిత్ర మెఱిగినచో దీని జబ్బు నెఱుగుట సులభము.

ఒక తీగెచుట్టలో విద్యుత్ప్రవాహము మొదలైనపుడును, తెగినపుడును, ప్రక్కనున్న చుట్టలో విద్యుత్తు పుట్టునని 1831 లో ఇంగ్లండునందు మైకేల్ ఫారడే కనిపెట్టెను. 1836 లో ఐర్లండునందలి మేనూత్ కళాశాలలో ఆచార్యుడగు నికొలస్ కాలన్ అను క్రైస్తవ గురువు ఇనుమునకు లావుతీగెను, సన్నతీగెను చుట్టి, చిన్న బ్యాటరీనుండి మిక్కిలి తీవ్రమైన విద్యుత్తును రాబట్టెను. కీర్తి మాత్రము పారిస్ నగరమున శాస్త్రపరికరములు చేయుచుండిన రూంకార్ఫునకు దక్కినది. ఆ చుట్టను మెఱుగుపఱచినందులకు 1864 లో అతనికి 50,000 ఫ్రాంకుల బహుమానము లభించెను. 1860 లో లెన్వార్ తన గ్యాసు ఇంజనునందును, 1886 లో కార్ల్ బెంజ్ తన మూడుచక్రముల బండియందును ఇట్టి చుట్టతోడనే నిప్పురవ్వను పుట్టించిరి.

1908 లో హెన్రీ ఫోర్డు విడుదల చేసిన ‘మోడల్ టీ’ కారునందు నాలుగు సిలిండర్లకు నాలుగు చుట్టలు కొయ్యపెట్టెలో నమర్పబడెను. ఒక్కొక్క చుట్టపై తుమ్మెదవలె ఝుమ్మని కంపించు రేకు ఒకటి యుండెడిది. ఇంజను నడచుచుండగా రేకును వ్రేలితో నొక్కిపట్టినచో ఆ సిలిండరు పని మానును. ఇంజను చప్పుడు మాఱినచో ఆ సిలిండరు అంతవఱకు పనిచేయుచుండినట్లు. మాఱనిచో దోష మచ్చటనే యున్నట్లు. పరికర మేదియు లేని రైతు సైతము ఈ పరీక్ష చేయగలిగెను.

1910 ప్రాంతమున అమెరికాలో చార్లెస్ కెటరింగ్ బ్యాటరీతో నడచు క్రొత్త పద్ధతిని కల్పించెను. ఆ పద్ధతిలో ఒక్క చుట్టయే సిలిండర్లన్నిటికి నిప్పు నందించును. క్రమముగా చుట్టను రేకుడబ్బాలో పెట్టి మూసివైచిరి. నాటినుండి దోషము కంటికి గాని వ్రేలికి గాని చిక్కక, లక్షణములచేతనే గుర్తింపవలసినదయ్యెను.

ఆ లక్షణములకు కారణ మేమి? చుట్ట 12 వోల్టుల విద్యుత్తును 20,000 వోల్టులకు పైగా పెంచును. సన్నతీగెకు వేలకొలది చుట్లుండును; చుట్టునకు చుట్టునకు నడుమ పలుచని పూత మాత్రమే అడ్డు. ఏండ్ల తరబడి వేడిమికి ఆ పూత పగులును. చల్లగా నున్నప్పుడు కలిసియుండు పగులు వేడికి విచ్చుకొని, విద్యుత్తు దారితప్పును. కావుననే వేడిమిలో ఆగుట, చల్లబడినచో నడచుట. బరువు లాగునప్పుడు సిలిండరులో ఒత్తిడి హెచ్చి నిప్పురవ్వ దూకుట కష్టమగును గనుక, బలహీనమైన చుట్ట మొదట మిట్టమీదనే బయటపడును. కాలని పెట్రోలు వాసన, పొగగొట్టములో టపటప శబ్దము, పెట్రోలు ఖర్చు హెచ్చుట, ప్రొద్దుట ఇంజను అందుకొనుట కష్టమగుట తక్కిన గుర్తులు.

నేటి కార్లలో చాలవాటికి సిలిండరునకొక చుట్ట మరల వచ్చినది. కావున పాతపరీక్ష క్రొత్తరూపమున పనికివచ్చును. ఇంజను ఆపి, చల్లారిన పిమ్మట, అనుమానమున్న చుట్టను ప్రక్క సిలిండరునకు మార్పుడని మెకానిక్కుతో చెప్పుడు. దోషము చుట్టవెంట పోయినచో చుట్టదే తప్పు; పోనిచో ప్లగ్గునో, పెట్రోలు మార్గమునో చూడవలెను. అరిగిన ప్లగ్గును మార్పక చుట్టను మాత్రము మార్చినచో, హెచ్చు శ్రమకు క్రొత్తచుట్టయు త్వరలో చెడును. డీజిలు ట్రాక్టరునకు ఇట్టి చుట్టయే లేదు. అందు గాలి ఒత్తిడివేడికే నూనె మండును. దానికి కాయిల్ చెడినదని యెవరైన డబ్బడిగినచో ఇయ్యవలదు.

రెండు హెచ్చరికలు. నిప్పురవ్వను చూచుటకై తీగెను చేత పట్టరాదు. పెట్రోలు ఆవిరి యున్నచోట ఆ పరీక్షయే కూడదు. ఇంజను దీపము మినుకుమినుకుమనుచుండగా బండిని తోలరాదు. కాలని పెట్రోలు పొగగొట్టములోని శుద్ధియంత్రమును కాల్చివైచును, దాని వెల చుట్టవెలకు పెక్కురెట్లు. ప్రసవవేదన పడు స్త్రీని రాత్రివేళ పట్టణమునకు చేర్పవలసిన బండి ఊరికొకటి యుండును. అది మిట్టమీద ఒకసారి దగ్గిన నాడే దానిని చూపించుట మేలు.