తెలుగు పిల్లల బొమ్మల కథలు: గోదావరి గీత, మదరాసు అచ్చు

కథ బరువులో సగం బొమ్మ మోసేది బొమ్మల పుస్తకం. అక్షరాలు రాని పిల్లలకు పెద్దవాళ్లు చదివి వినిపిస్తూ ఉంటే, ఆ పిల్లలు ఈలోగా బొమ్మను చదివేస్తారు. 1658లో న్యూరెంబర్గులో అచ్చయిన కొమీనియస్ ‘ఆర్బిస్ పిక్టస్’ యూరపులో ఈ తరహాకు తొలిమెట్టు. తెలుగువాళ్ల ఇళ్లకు మాత్రం బొమ్మల కథ విడి పుస్తకంగా కంటే నెలనెలా వచ్చే పత్రికగానే ఎక్కువ చేరింది. రాసినవాళ్లలో, గీసినవాళ్లలో గోదావరి జిల్లాల వాటా పెద్దది. అచ్చు యంత్రాలు మాత్రం చాలాకాలం మదరాసులోనే ఉన్నాయి.

అచ్చు రాకముందు పిల్లలకు బొమ్మల కథలు లేవనడానికి లేదు. కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మల వాళ్లు దీపం ముందు తెర కట్టి రామాయణం ఆడేవారు. తెలంగాణలో చేర్యాల నకాశీ చిత్రకారులు గీసిన పొడవాటి పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ కథకులు కులపురాణాలు చెప్పేవారు. ఒక బొమ్మ చుట్టలోకి వెళ్లి ఇంకో బొమ్మ బయటికి రావడమంటే పేజీ తిప్పడమే.

పంచతంత్ర కథల్ని తెలుగు చేసిన చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ 1853లో వెలువడింది. ఆయన రాయకుండా వదిలేసిన సంధి, విగ్రహం అనే భాగాలను తర్వాత రాజమహేంద్రవరం పంతులుగారు కందుకూరి వీరేశలింగం తెలుగు చేశారు. కాకులు, ఎలుకలు, తాబేళ్లు, జింకలు తిరిగే కథలవి. అయినా పిల్లలకు అవి బడిలో వల్లె వేయాల్సిన గ్రాంథిక వచనంగానే దక్కాయి. పావురాల రాజుకు చిత్రగ్రీవుడని పేరుంది గానీ, పాఠం చదివే పిల్లవాడి ముందు చిత్రం లేదు.

రాజమహేంద్రవరంలో బొమ్మ వైపు గాలి మళ్లింది ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే వల్ల. స్వయంగా చిత్రకారుడైన ఆయన చేరదీసిన కుర్రాళ్లలో దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఉన్నారు. దామెర్ల బొంబాయిలో చదువుకుని తిరిగొచ్చి సొంత ఊళ్లో చిత్రకళాశాల పెట్టాడు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండానే మశూచితో పోయాడు. ఆయన చిత్రాలు ఇప్పటికీ ఊళ్లోని ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. పిల్లల కోసం గీసినవి కావవి. కాకపోతే మన ఊరి మనిషి, మన ఇంటి చీరకట్టు బొమ్మకు పనికొచ్చే వస్తువులేనన్న ధైర్యం ఇక్కడివాళ్లకు అక్కడే దొరికింది. రాతలో అదే పని చేసినవాడు గోదావరి జిల్లా దంగేరులో పుట్టిన చింతా దీక్షితులు. ‘సూరి, సీతి, వెంకి’ కథల్లో ఆయన రాకుమారులను పక్కనబెట్టి పెరట్లో ఆడుకునే పిల్లలను తెచ్చాడు.

పిల్లల కోసమే పత్రికంటూ 1945లో మదరాసు నుంచి ‘బాల’ వచ్చింది. నడిపినది రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపడిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. ధవళేశ్వరంలో పుట్టి, తండ్రి పోయాక మదరాసు చేరిన ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ అందులోనే పడింది. నరసాపురంలో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ కుర్రతనపు బొమ్మలూ అందులో వచ్చాయి. ఆ కుర్రాడే బాపు.

రెండేళ్లకు, 1947 జులైలో, నాగిరెడ్డి చక్రపాణులు ‘చందమామ’ మొదలుపెట్టారు. పేజీ పేజీకీ బొమ్మ ఉండాలన్నది దాని పద్ధతి. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య తలో దారిలో గీశారు. బేతాళ కథల్లో శంకర్ గీసిన విక్రమార్కుడు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాడు: చేతిలో కత్తి, భుజాన వేలాడే శవం, చుట్టూ చీకటి. నెలనెలా కథ మారినా ఆ బొమ్మ మారలేదు. అక్షరాలు రాని పిల్లలు సైతం ఆ పేజీ వెతికి తీసి, చదివి పెట్టమని ఇచ్చేవారు.

అన్నీ మదరాసులోనే ఎందుకన్నదానికి జవాబు బ్లాకుల్లో ఉంది. బొమ్మను ఫొటో తీసి జింకు రేకు మీదికి దించుతారు, గీత లేనిచోట ఆమ్లంతో తినిపిస్తారు, రేకును చెక్కదిమ్మకు కొట్టి అక్షరాల సరసన ఎత్తు చూసుకుని బిగిస్తారు. నలుపు గీతకైతే ఒక్క బ్లాకు చాలు. నిండు రంగుల బొమ్మకు నాలుగు కావాలి, నాలుగూ వెంట్రుకవాసి తప్పకుండా ఒకదానిమీద ఒకటి పడాలి. అద్దేపల్లి వారి సరస్వతీ పవర్ ప్రెస్సు, కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్ వంటి రాజమండ్రి సంస్థలు పుస్తకాలు బాగానే వేశాయి. నెలనెలా అంత రంగు పని చేయాలంటే మాత్రం మదరాసులోని బి.ఎన్.కె. ప్రెస్సులాంటి పెద్ద కార్ఖానా ఉండాలి.

బాపు గీత ఈ ఒక్క బ్లాకుకే పుట్టినట్టు ఉంటుంది. 1950లలో ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చిన ముళ్లపూడి ‘బుడుగు’లో సీగానపెసూనాంబ, రెండుజెళ్ల సీత, రాధా గోపాళం అందరూ గుప్పెడు గీతల్లో నిలబడ్డారు. నిజానికి బుడుగు పిల్లల పుస్తకమా అంటే సగమే. పిల్లవాడి నోటితో పెద్దల గుట్టు విప్పే రచన అది; పిల్లలు బొమ్మకు నవ్వితే పెద్దలు మాటకు నవ్వుతారు. అదే గోదావరి సీమ సంతానం బుజ్జాయి, కవి కృష్ణశాస్త్రి గారి కొడుకు. ఆయన మాటల్ని బుడగల్లో పెట్టి, గడులు గీసి కథ నడిపాడు. ‘డుంబు’ను పుట్టించాడు, ఆయన పంచతంత్రం బొమ్మలు ఇలస్ట్రేటెడ్ వీక్లీలో సాగాయి. ‘నీతిచంద్రిక’ జంతువులకు ఎట్టకేలకు ముఖాలు వచ్చాయి.

పెద్ద సైజు, దళసరి కాగితం, పేజీ నిండా రంగు. అచ్చమైన బొమ్మల పుస్తకం ఈ రూపంలో మన పిల్లల చేతికొచ్చింది చాలావరకు మాస్కో నుంచి. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులోనే అచ్చు వేసి పంపేవి. ఉప్పల లక్ష్మణరావు, ఆర్వియార్, నిడమర్తి ఉమారాజేశ్వరరావు వంటివారు అక్కడే ఉండి అనువదించారు. ‘నొప్పి డాక్టరు’, ‘ఏడు రంగుల పువ్వు’ విశాలాంధ్ర పుస్తకశాలల్లో కారుచౌకగా దొరికేవి. ఇవాన్‌లూ మంచు బండ్లూ గోదావరి లంకల పిల్లలకు చుట్టాలైపోయిన కాలమది. 1991లో సోవియట్ యూనియన్‌తోపాటు ఆ రాకడా ఆగింది. నేషనల్ బుక్ ట్రస్టు నెహ్రూ బాల పుస్తకాలయం ఉన్నా, ఆ లోటు అది పూర్తిగా తీర్చలేదు.

తర్వాత సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ ఆ సోవియట్ కథల్లో చాలావాటిని మళ్లీ వేసింది. 2008లో హైదరాబాదులోని అన్వేషి సంస్థ ‘భిన్న కథలు’ తీసుకొచ్చింది; గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటివారు రాసిన ఆ కథల్లో దళితవాడ పిల్లలు, ముస్లింల వంటిళ్లు రంగుల పేజీల మీదికొచ్చాయి. ‘చందమామ’ 2010 తర్వాత కొన్నేళ్లకే ఆగిపోయింది. దాని విక్రమార్కుణ్ణి గీసిన శంకర్ 2020లో, తొంభై ఆరేళ్లు దాటాక కన్నుమూశారు.