జాతీయగీతమూ, ఆటగాడి మోకాలూ

ఆటల్లోకి రాజకీయాలు తేవద్దనే మాట వినటానికి చాలా బుద్ధిమంతంగా వుంటుంది. ఆ మాట అనేవాడు ఏ పక్షానికీ చెందనట్టు, కేవలం ఆటమీద ప్రేమకొద్దీ మాట్లాడుతున్నట్టు కనిపిస్తాడు. 2016లో అమెరికాలో కోలిన్ కేపర్నిక్ అనే ఆటగాడు జాతీయగీతం వేళ లేచి నిలబడటానికి నిరాకరించినప్పుడు ప్రేక్షకుల్లో పదేపదే వినిపించిన మాట యిదే. యీ మాటలో నిజమెంత, దాని వెనక చరిత్ర ఏమిటి అన్నది పరిశీలించటం యీ వ్యాసం ఉద్దేశం. అయితే తీర్పు ముందే రాసిపెట్టుకొని, చరిత్రను సాక్ష్యానికి మాత్రమే పిలిచే అలవాటు అభ్యుదయవాదులమని చెప్పుకునే మనకూ లేకపోలేదు. అందుచేత మనకు ఇబ్బంది కలిగించే సాక్ష్యాన్ని కూడా విందాం.

ముందు జరిగిన సంగతి. 2016 జూలై 5న బాటన్ రూజ్‌లో ఆల్టన్ స్టెర్లింగ్, ఆ మర్నాడు మినెసోటా రాష్ట్రంలో ఫిలాండో కాస్టీల్ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఇద్దరూ నల్లవారు. ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కో ఫుట్‌బాల్ జట్టు ఆటగాడైన కేపర్నిక్ గీతం వినిపిస్తున్నంతసేపూ బెంచీమీద కూర్చుండిపోవటం మొదలుపెట్టాడు. ఆగస్టు 26 నాటి ఆట తర్వాత విలేఖరులు కారణం అడిగితే, నల్లవారిని అణచివేస్తున్న దేశపు జెండాపట్ల గర్వం ప్రకటించటానికి తాను లేవబోనని చెప్పాడు. తర్వాత నేట్ బోయర్ అనే మాజీ సైనికుడు ఆయనతో మాట్లాడాడు. కూర్చోవటంకంటె ఒక మోకాలు నేలకు ఆనించటం మేలనీ, చనిపోయిన సాటి సైనికుని సమాధి ముందు సైనికులు అలాగే మోకరిల్లుతారనీ బోయర్ సలహా. సెప్టెంబరు 1న కేపర్నిక్ మోకరిల్లాడు. పక్కన సహచరుడు ఎరిక్ రీడ్ కూడా మోకరిల్లాడు. యీ వివరం మరిచిపోరాదు. సైన్యాన్ని అవమానించే భంగిమ అని ఏ భంగిమను తిట్టిపోశారో, దాన్ని సూచించినవాడు ఒక సైనికుడు.

2017 మార్చిలో కేపర్నిక్ తన కాంట్రాక్టునుంచి బయటికి వచ్చాడు. ఆ తర్వాత ఏ జట్టూ ఆయన్ను తీసుకోలేదు. ఆ సెప్టెంబరు 22న అలబామాలో జరిగిన సభలో అధ్యక్షుడు ట్రంప్, మోకరిల్లేవాళ్లను యజమానులు మైదానంనుంచి గెంటెయ్యాలని బూతుమాట కలిపి మరీ చెప్పాడు. ఆ ఆదివారం రెండువందల మందికి పైగా ఆటగాళ్లు మోకరిల్లటమో కూర్చోవటమో చేశారు. దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. మోకరిల్లినవారిని తప్పుపట్టిన ప్రేక్షకుల వాదాలను మూడుగా విడదీయవచ్చు: ఆట చూడవచ్చినచోట రాజకీయమెందుకు అన్నది ఒకటి, కోట్లు గడించేవాడికి కష్టమేమిటి అన్నది రెండు, దేశంకోసం చచ్చిన సైనికులకు యిది అవమానం అన్నది మూడు.

మొదటి వాదానికి జవాబు ఆ గీతం చరిత్రలోనే వున్నది. ఫ్రాన్సిస్ స్కాట్ కీ 1814లో, బ్రిటిషు నౌకలు బాల్టిమోరు కోటమీద ఫిరంగులు పేల్చినప్పుడు దాన్ని రాశాడు. ఆయన బానిసల యజమాని. అది అధికారికంగా జాతీయగీతమైనది 1931లో. కాని ఆటస్థలంలో పాతుకుపోవటానికి అది అంతవరకు ఆగలేదు. 1918 సెప్టెంబరులో, అంటే అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో వున్నరోజుల్లో, షికాగోలో జరిగిన బేస్‌బాల్ పెద్ద పోటీల మొదటి ఆటలో ఏడో ఇన్నింగ్సు విరామంలో బ్యాండువారు యీ పాట వాయించారు. జనం లేచి గొంతు కలిపారు. జనానికి నచ్చిందని గ్రహించిన నిర్వాహకులు మిగిలిన ఆటల్లోనూ వాయించారు. రెండో ప్రపంచయుద్ధం దాన్ని నిత్యకృత్యం చేసింది. 1945లో యుద్ధం ముగిసినప్పుడు ఫుట్‌బాల్ సంఘం అధిపతి ఎల్మర్ లేడెన్, యికమీదట కూడా ప్రతి ఆటలోనూ గీతం వుండాలని కోరాడు. యుద్ధం పోయింది, యుద్ధంతో వచ్చిన ఆచారం నిలిచింది.

ఆచారం వెనక వ్యాపారం కూడా నడిచింది. పెద్ద ఫుట్‌బాల్ జట్ల ఆటగాళ్లు గీతం వేళ విధిగా మైదానంలో వరస కట్టటం అనాది ఆచారమేమీ కాదు. రాత్రిపూట ప్రసారమయ్యే ఆటల్లో సైతం ఆ పద్ధతి 2009నుంచే వచ్చింది. సైన్యానికి గౌరవ ప్రదర్శనలు జరిపించేందుకు అమెరికా రక్షణశాఖ ఆటల సంఘాలకు డబ్బు చెల్లించిందని సెనేటర్లు మెక్‌కెయిన్, ఫ్లేక్ 2015లో ఒక నివేదికలో బయటపెట్టారు. అలా అనుచితంగా ఖర్చయిన సొమ్ము 68 లక్షల డాలర్లని వారు లెక్క కట్టారు. మెక్‌కెయిన్ వియత్నాంలో యుద్ధఖైదీగా వున్న సైనికుడు, పైగా మితవాద పక్షంవాడు. ఆయన్ను దేశద్రోహి అనటం కష్టం. భక్తి అనుకొని ప్రేక్షకుడు కన్నీళ్లు పెట్టుకున్న దృశ్యాల్లో కొన్ని అద్దెకు తెచ్చినవి. కనక ఆటల్లోకి రాజకీయాలు తేవద్దన్న మాటకు అసలు అర్థం వేరు. అక్కడ ఇదివరకే వున్న రాజకీయాన్ని గమనించవద్దని దాని అర్థం.

రెండో వాదాన్ని మన సామెతలో చెప్పాలంటే, తిన్నింటి వాసాలు లెక్కపెడతావా అన్నది. అయితే యీ వాదం ధనికులైన ఆటగాళ్లమీదనే ప్రయోగించబడలేదు. 1959లో షికాగోలో జరిగిన పాన్ అమెరికన్ పోటీల్లో రోజ్ రాబిన్సన్ అనే నల్లజాతి హైజంపు క్రీడాకారిణి గీతానికి లేవలేదు. ఆమె కోట్లు గడించినదేమీ కాదు. 1968 అక్టోబరు 16న మెక్సికో నగరంలో 200 మీటర్ల పరుగులో 19.83 సెకన్లలో ప్రపంచరికార్డు నెలకొల్పిన టామీ స్మిత్, మూడో స్థానం పొందిన జాన్ కార్లోస్ విద్యార్థులు. నల్లవారి పేదరికానికి గుర్తుగా బూట్లు విప్పి నల్ల మేజోళ్లతో వేదిక ఎక్కారు. గీతం మొదలవగానే తలలు వంచి, నల్ల తొడుగులు వేసిన పిడికిళ్లు ఎత్తారు. వారిని పోటీలనుంచి వెళ్లగొట్టారు. స్వదేశంలో తిట్లూ బెదిరింపులూ ఎదురయ్యాయి. వారిని వెళ్లగొట్టించిన ఒలింపిక్ సంఘం అధ్యక్షుడు ఏవరీ బ్రండేజ్, 1936లో హిట్లర్ బెర్లిన్‌లో జరిపిన పోటీలను బహిష్కరించకూడదని అమెరికాలో గట్టిగా వాదించినవాడు. అప్పటి నాజీ వందనాల్లో ఆయనకు రాజకీయం కనిపించలేదు. మెక్సికోలో పోటీలు మొదలు కావటానికి పదిరోజుల ముందు, అక్టోబరు 2న, ట్లాటెలోల్కో చౌకులో విద్యార్థులమీద సైన్యం కాల్పులు జరిపింది. అయినా పోటీలు ఆగలేదు. రెండు పిడికిళ్లు మాత్రం పోటీల పవిత్రతను చెడగొట్టాయట!

1996లో బాస్కెట్‌బాల్ ఆటగాడు మహ్మూద్ అబ్దుల్ రవూఫ్ గీతానికి నిలబడనందుకు ఒక ఆట నిషేధించి, 31,707 డాలర్లు కోసేశారు. పేదవాడు నిరసిస్తే కృతఘ్నుడు, ధనికుడు నిరసించినా కృతఘ్నుడే. అంటే వాదం సంపాదనను గురించి కాదు, నోరు తెరవటాన్ని గురించి. యింతకూ ఆ యిల్లు కట్టిందెవరు? కేపర్నిక్ మోకరిల్లిన ఆ సంఘంలో ఆటగాళ్లు దాదాపు 70 శాతం నల్లవారు. నల్లజాతివాడు ప్రధాన యజమానిగా వున్న జట్టు ఆనాటికి ఒక్కటి కూడా లేదు. వాసాలు మోసినవాడు వాసాలు లెక్కపెడితే తప్పేమిటి? 1947లో బేస్‌బాల్‌లో వర్ణనిషేధాన్ని ఛేదించిన జాకీ రాబిన్సన్‌ను, ఓర్పుకూ కృతజ్ఞతకూ ఆదర్శంగా చూపించే అలవాటు అక్కడ వున్నది. ఆ రాబిన్సన్ 1972లో అచ్చయిన ఆత్మకథలో, తాను నిలబడి గీతం పాడలేననే రాసుకున్నాడు.

మూడో వాదాన్ని యింత తేలిగ్గా తీసెయ్యటానికి వీల్లేదు. గ్యాలరీలో కూర్చున్నవాడు యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న కార్మికుడు కావచ్చు. ఆ పాట అతనికి ప్రభుత్వం కాదు, కొడుకు. అతణ్ణి మూఢుడనీ, జాత్యహంకారి అనీ కొట్టిపారేసే విమర్శకుడు అతణ్ణి పాలకవర్గానికి కానుకగా అప్పగిస్తున్నాడు. అతనికి చెప్పవలసింది ఒకటి వుంది: బలవంతంగా నిలబెట్టిన గౌరవం అతని కొడుక్కు గౌరవం కాదు. యీ మాట అమెరికా సుప్రీంకోర్టే, రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న 1943లో, మరో రూపంలో చెప్పింది. జెండాకు వందనం చెయ్యని యెహోవా సాక్షుల మతస్థుల పిల్లలను బడి బలవంతపెట్టరాదని బార్నెట్ కేసులో తీర్పిచ్చింది. ఆ తీర్పు మనదేశానికి కూడా వచ్చింది. 1986లో, అదే మతానికి చెందిన ముగ్గురు కేరళ పిల్లలు జాతీయగీతానికి మర్యాదగా నిలబడి, పాడలేదని బడినుంచి వెళ్లగొట్టబడినప్పుడు, తెలుగువాడైన న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి బార్నెట్ తీర్పును ప్రస్తావిస్తూ, వారిని తిరిగి చేర్చుకోవాలని ఆదేశించారు. ముప్పయ్యేళ్ల తర్వాత, కేపర్నిక్ మోకరిల్లిన 2016లోనే, నవంబరు 30న మన సుప్రీంకోర్టు సినిమాహాళ్లలో గీతం వేసి ప్రేక్షకులంతా నిలబడాలని ఆదేశించింది. 2018 జనవరిలో గీతం వెయ్యటాన్ని హాలువారి యిష్టానికి వదిలేసింది.

అయితే బార్నెట్ తీర్పు కట్టడి చేసింది ప్రభుత్వాన్ని. జీతమిచ్చే యజమానిని కాదు. కేపర్నిక్ కథలో అసలు కీలకం యిక్కడున్నది. ఆయన్ను ఏ చట్టమూ శిక్షించలేదు; పని దొరకకుండా పోయింది, అంతే. వీధిలో పౌరుడిగా వున్న స్వేచ్ఛ పనిస్థలం గేటు దగ్గర ఆగిపోయింది. ఫ్యాక్టరీ గేటు దగ్గరా, ప్రైవేటు కళాశాల గేటు దగ్గరా యీ సంగతి తెలియనివారెవరు? 2018 మేలో యజమానులు, మైదానంలో వుంటే నిలబడాలి, లేదా లోపలి గదిలో వుండాలి అని నియమం పెట్టారు; ఆటగాళ్ల యూనియన్ ఎదురు తిరగటంతో జూలైలో దాన్ని అమలుచెయ్యకుండా ఆపారు. యజమానులు కుమ్మక్కయి తమకు పని లేకుండా చేశారన్న కేపర్నిక్, రీడ్‌ల ఫిర్యాదు 2019 ఫిబ్రవరిలో రాజీతో ముగిసింది. 2020లో జార్జి ఫ్లాయిడ్‌ను పోలీసు మోకాలితో నొక్కి చంపిన తర్వాత, సంఘం అధిపతి గూడెల్ ఆటగాళ్ల మాట ముందే వినకపోవటం తప్పేనన్నాడు. కేపర్నిక్ పేరు ఉచ్చరించలేదు. ఆయనకు జట్టూ దొరకలేదు. ఈలోగా 2018లోనే నైకీ కంపెనీ ఆయన ముఖాన్ని ప్రకటనలో వేసి బూట్లు అమ్ముకున్నది. పెట్టుబడి నిరసన బొమ్మను కొంటుంది, నిరసించిన మనిషికి పని ఇవ్వదు.

యిక మనకు ఇబ్బంది కలిగించే సాక్ష్యం. స్మిత్, కార్లోస్‌ల బొమ్మ మా విద్యార్థుల గదుల్లో చూశాను. అదే మెక్సికోలో, అదే అక్టోబరులో, చెకొస్లోవాకియా జిమ్నాస్టు వేరా చాస్లావ్‌స్కా సోవియట్ గీతం వినిపిస్తున్నప్పుడు తల వంచి పక్కకు తిప్పుకున్నది. అంతకు రెండు నెలల ముందు, ఆగస్టులో, సోవియట్ సేనలు ఆమె దేశంలో ప్రవేశించాయి. సంస్కరణలు కోరిన రెండువేల మాటల ప్రకటనమీద సంతకం చేసినందుకు ఆమె మొరావియాలో తలదాచుకొని, బంగాళాదుంపల బస్తాలెత్తి సాధన చేసింది. మెక్సికోలో నాలుగు బంగారు, రెండు వెండి పతకాలు గెలిచింది. తన సంతకం వెనక్కు తీసుకోనందుకు, ఏళ్లతరబడి ఆమెను క్రీడారంగంనుంచి దూరంగా పెట్టారు. ఆమె బొమ్మ ఏ గదిలోనూ లేదు; పేరు అడిగితే తెలియదన్నారు. తప్పు విద్యార్థులది కాదు. చెప్పవలసిన మేము చెప్పలేదు. ఆ సేనల ప్రవేశాన్ని సమర్థించినవారు మన శిబిరంలో వున్నారు గనక చెప్పటానికి నోరు రాలేదు. పరాయి పాలకవర్గపు గీతం ముందు వంచని తలను మెచ్చుకొని, మనకు ప్రియమైన గీతం ముందు తిప్పుకున్న తలను మరిచిపోతే, మనకూ ఆ అమెరికన్ ప్రేక్షకుడికీ తేడా గీతంలోనే గాని పద్ధతిలో లేదు. చాస్లావ్‌స్కా 2016 ఆగస్టు 30న చనిపోయింది. కేపర్నిక్ మోకరిల్లినది ఆ రెండోరోజు తర్వాతనే.

ప్రేక్షకుడు ఏం చెయ్యాలన్న ప్రశ్నకు ఆ 1968 వేదికమీదనే ఒక జవాబు వున్నది. రెండోస్థానంలో నిలిచిన ఆస్ట్రేలియా తెల్లవాడు పీటర్ నార్మన్ పిడికిలి ఎత్తలేదు. ఆ పోరాటం తనది కాదని ఆయనకు తెలుసు. మానవహక్కుల బిళ్ల మాత్రం అడిగి తీసుకొని గుండెమీద పెట్టుకున్నాడు. 1972 ఒలింపిక్స్‌కు ఆయన్ను పంపలేదు. 2006లో ఆయన చనిపోతే స్మిత్, కార్లోస్ వెళ్లి శవపేటిక మోశారు. 2012లో ఆస్ట్రేలియా పార్లమెంటు ప్రతినిధుల సభ క్షమాపణ చెప్పింది. శాన్ హోసే విశ్వవిద్యాలయంలో 2005లో పెట్టిన విగ్రహంలో నార్మన్ చోటు ఆయన కోరికమీదనే ఖాళీగా వదిలారు, చూడవచ్చినవారు అక్కడ నిలబడవచ్చునని. నిలబడటానికి ఎవరూ బలవంతపెట్టరు. అందుకే అక్కడ నిలబడటానికి ఒక అర్థం వుంది.